పలుకని డిస్కును పలికించుట

చెద పట్టిన టేకు దూలము పైకి నిండుగనే కనిపించును. తట్టి చూచినగాని లోపలి డొల్లతనము బయటపడదు. అందుచేతనే కలపయిల్లు కట్టుకొన్నవారు అప్పుడప్పుడు దూలములను తట్టి చూచుకొందురు. నేడు మన ఇండ్లలోను, అంగళ్లలోను, బడులలోను అంతకన్న సున్నితమైన దూలమొకటి వచ్చి చేరినది. అదియే కంప్యూటరులోని ఎస్.ఎస్.డి. మన కాగితములు, ఛాయాచిత్రములు, లెక్కలు అన్నియు దానిమీదనే నిలిచియున్నవి. దానిని తట్టి చూచు విధమెట్టిదో, అది పలికిన పలుకును ఎట్లు అర్థము చేసికొనవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

హైదరాబాదు నుండి నాగపూరు పోవు 44వ జాతీయ రహదారిమీద, నిర్మలునకును ఆదిలాబాదునకును నడుమ ఉన్న ఇచ్చోడ ఒక మండల కేంద్రము. ఇట్టి ఊళ్లకు చుట్టుప్రక్కల గ్రామములనుండియు, గూడెములనుండియు జనులు పనులమీద వచ్చుచుందురు. కుల ధ్రువీకరణ పత్రము, పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పిల్లల మార్కుల జాబితా, పెండ్లి ఫోటోలు, పత్తి తూకపు చీటి - ఇవి యన్నియు ఏదో ఒక కంప్యూటరు గుండ పోవలసినవే. ఇందు ప్రభుత్వపు దస్త్రములు దూరముననున్న పెద్ద యంత్రములలో భద్రముగ నుండవచ్చును. కాని ఫోటోస్టూడియోవారి చిత్రములు, జెరాక్సు దుకాణమువారి స్కానులు, బడి లెక్కలు, ఇంటివారి సొంత కాగితములు ఆ కంప్యూటరులోని చిన్న డ్రైవుననే యుండును. స్టూడియో డ్రైవొకటి చెడినచో నష్టపోవునది దుకాణదారుడొక్కడే కాదు. ఆ ఏడు మాఘమాసమున పెండ్లిండ్లు చేసికొన్న అనేక కుటుంబముల జ్ఞాపకములు దానితో పోవును.

పూర్వపు హార్డు డిస్కు కొంత దయగల వస్తువు. అందు గిరగిర తిరుగు పళ్లెరములును, వానిపై కదలు ముల్లును ఉండెడివి. చెడుటకు ముందు అది తరచు టకటకమని గాని, గరగరమని గాని శబ్దము చేసెడిది. యంత్రశాస్త్రము తెలియనివారు సైతము 'ఏదో తేడాగ నున్నది' అని పసిగట్టెడివారు. ఎస్.ఎస్.డి.లో కదలు భాగమేదియు లేదు. అది తిరుగదు, మ్రోగదు. నిన్న రాత్రి చక్కగ పనిచేసిన డ్రైవు నేటి ఉదయము కంప్యూటరునకే కనిపింపకుండ పోవచ్చును. చప్పుడు లేని వస్తువునుండి సమాచారము రావలెనన్నచో మనమే అడుగవలెను. అడుగుటకు ఒక భాష కలదు. ఆ భాషకు ముందు దాని లోపలి స్వరూపమును కొంచెము తెలిసికొందము.

జపాను దేశపు తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా అను ఇంజనీరు 1984 లో ఫ్లాష్ మెమరీ అను నూతన పద్ధతిని లోకమునకు తెలిపెను. నేటి డ్రైవులకు ఆధారమైన నాండ్ అను తరగతి 1987 లో వెలువడినది. 1991 నాటికి సన్‌డిస్క్ అను అమెరికా సంస్థ 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవును తయారుచేసినది. దాని వెల సుమారు 1000 డాలర్లు. నేటి సెల్‌ఫోను తీయు ఫోటోలు నాలుగైదు పట్టుటయే దానికి కష్టము.

ఇందలి సూత్రమిది. డ్రైవులో కోట్లకొలది సెల్లులు, అనగా అతి సూక్ష్మమైన గదులు ఉండును. ఒక్కొక్క గదిలో కొన్ని ఎలక్ట్రానులను బంధించి, చుట్టును విద్యుత్తును పోనీయని పొరను కట్టుదురు. కరెంటు పోయినను ఆ ఎలక్ట్రానులు అందే నిలిచియుండును. లోపల ఎంత ఆవేశమున్నదో కొలిచి చూచుటయే చదువుట. మొదట ఒక్కొక్క గదిలో 'కలదు, లేదు' అను రెండు మెట్లనే గుర్తించెడివారు. చవుకదనము కొరకు నేటి డ్రైవులలో ఒకే గదిలో 8 మెట్లను, కొన్నింటిలో 16 మెట్లను గుర్తించుచున్నారు. మెట్లు పెరిగినకొలది వాని నడుమ ఎడము తగ్గును; పొరపాటునకు అవకాశము హెచ్చును.

వ్రాయునపుడును, చెరుపునపుడును ఎలక్ట్రానులను ఆ పొరగుండ బలవంతముగ దాటింపవలెను. ప్రతి పర్యాయమును పొర రవంత అరుగును. బట్టను ఉతికిన ప్రతిసారి ఒక నూలుపోగు బలహీనపడినట్లే యిదియు. పైగా ఇందొక చిక్కు గలదు. వ్రాయుట పేజీ అను చిన్న భాగములలో జరుగును. చెరుపుట మాత్రము అనేక పేజీలు గల బ్లాకు అను పెద్ద భాగముననే జరుగవలెను. పలకపై ఒక్క అక్షరమును వ్రేలితో తుడువ వీలులేదు, పలకనంతటిని కడుగవలసినదే. అందుచేత డ్రైవులోని చిన్న కంప్యూటరు, దానినే కంట్రోలరు అందురు, నిరంతరము సంసారమును సర్దుచుండును. ఒక బ్లాకు మాత్రమే అరిగిపోకుండ వ్రాతను అన్ని బ్లాకులకును పంచును. చెడిన బ్లాకును ప్రక్కకు నెట్టి, ముందుగనే దాచియుంచిన అదనపు బ్లాకును దాని స్థానమున నిలుపును. చదివినపుడు దొరలిన చిన్న తప్పులను గణితముతో సవరించును. ఇదంతయు మనకు తెలియకయే జరుగును. కాని కంట్రోలరు ఈ పనులకు పద్దు వ్రాసికొనును. ఆ పద్దుపుస్తకమును తెరిపించి చూచుటయే మనము చేయవలసినది.

ఈ పద్దునకు స్మార్ట్ అని పేరు. డిస్కు తన్ను తాను పరీక్షించుకొని నివేదించు పద్ధతి యిది. 1990 దశకమున కంప్యూటరు కంపెనీలు దీనిని హార్డు డిస్కుల కొరకు రూపొందించినవి. దీనిని సామాన్యులందరును చదువగలుగునట్లు చేసిన స్మార్ట్‌మాన్‌టూల్స్ అను ఉచిత సాధనము వెనుక ముచ్చటైన చరిత్ర కలదు. బ్రూస్ ఆలెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయమున గురుత్వ తరంగముల అన్వేషణకై అనేక కంప్యూటరులను కలిపి నడిపించుచుండెను. అన్ని యంత్రములలోని డిస్కులలో ఎప్పుడేది చెడునో ముందుగ తెలిసికొనుట అచ్చట అవసరమయ్యెను. అంతకు పూర్వమున్న ఒక సాధనమును ఆధారముగ గొని 2002 లో ఆయన ఈ సాధనమును ప్రారంభించెను. తారల ఢీకొనుటవలన పుట్టు అలలను వినగోరిన శాస్త్రజ్ఞుని అక్కర నుండి, మన ఇంటి డిస్కు మాటను వినిపించు సాధనము లభించినది. అది లినక్సులోను, విండోసులోను, మాక్‌లోను పనిచేయును, వెల చెల్లింపనక్కరలేదు.

దీనిని కమాండు లైనునుండి వాడవలెను. నల్లని తెరమీద అక్షరములు కొట్టి ఆజ్ఞలిచ్చు పద్ధతికే కమాండు లైనని పేరు. బొమ్మలు నొక్కుటకు అలవాటు పడినవారికి ఇది బెదురు పుట్టించును. కాని దీని మేలు దీనికున్నది. నాసిరకపు పాత కంప్యూటరులోను ఇది నడచును. పది యంత్రములున్న బడిలో ఒకే వరుసను పదిచోట్ల కొట్టవచ్చును. వచ్చిన జవాబును తేదీతో సహా దాచుకొని మరుసటి నెల జవాబుతో పోల్చవచ్చును. 'మంచిది' అను ఆకుపచ్చ చుక్కను చూపి ఊరుకొనక అంకెలనన్నిటిని మన ముందుంచును.

లినక్సునందు మొదట టెర్మినలు తెరిచి స్మార్ట్‌మాన్‌టూల్స్‌ను స్థాపించుకొనవలెను. విండోసువారు అదే సాధనమును దించుకొని, కమాండు ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరువవలెను. ఆజ్ఞ పేరు ఇట్లుండును: ఆంగ్లమున స్మార్ట్ అను పదము, దాని వెంటనే ఎడము లేకుండ సి, టి, ఎల్ అను మూడు చిన్న అక్షరములు. దాని తరువాత ఎడమిచ్చి, రెండు అడ్డగీతలును స్కాన్ అను పదమును కొట్టినచో యంత్రమున నున్న డ్రైవుల చిరునామాలు వచ్చును. పిదప అదే ఆజ్ఞ, ఎడము, ఒక అడ్డగీత, చిన్న ఏ అక్షరము, ఎడము, ఆ చిరునామా కొట్టవలెను. లినక్సులో ఈ వరుసలకు ముందు సుడో అను పదమును చేర్చుట అవసరము; అది ఇంటి యజమాని అనుమతి వంటిది. ఈ ఆజ్ఞ చదువునదే గాని వ్రాయునది కాదు. దీనివలన డ్రైవులోని దస్త్రములకు హాని లేదు.

తెరమీద దిగివచ్చు వరుసలను చూచి కంగారుపడ నక్కరలేదు. నేటి కంప్యూటరులలో తరచు కానవచ్చు ఎన్.వి.ఎం.ఇ. తరగతి డ్రైవు విషయమున చూడవలసినవి ముఖ్యముగ ఏడంకెలు. మొదటిది 'క్రిటికల్ వార్నింగ్'. ఇది సున్న కావలెను. సున్న కానిచో అదనపు బ్లాకులు తరిగిపోయినవని గాని, వేడి హద్దు మీరినదని గాని, డ్రైవు ఇకమీద చదువుటకే తప్ప వ్రాయుటకు ఒప్పుకొనదని గాని అర్థము. రెండవది 'అవైలబుల్ స్పేర్', అనగా మిగిలియున్న అదనపు బ్లాకులు. కొత్త డ్రైవులో ఇది 100 శాతము. తయారీదారు నిర్ణయించిన హద్దు, సాధారణముగ 10 శాతము, ప్రక్కనే చూపబడును. నూరునుండి ఇది దిగుట మొదలిడినదన్నచో డ్రైవు తన నిలువధాన్యమును తినుచున్నదని తెలియవలెను.

మూడవది 'పర్సెంటేజ్ యూజ్డ్'. తయారీదారు అంచనా వేసిన ఆయువులో ఎంత ఖర్చయినదో ఇది చెప్పును. ఈ పేరు చూచి అనేకులు తికమకపడుదురు; డ్రైవులో దస్త్రములు ఎంత చోటు ఆక్రమించినవను లెక్క కాదిది. ఈ అంకె 100 దాటవచ్చును కూడ. 255 వరకు లెక్కించు ఏర్పాటు కలదు. నూరు దాటినంతనే డ్రైవు మరణించునని కాదు. వ్యవసాయపు మోటారునకు హామీకాలము తీరినట్లే భావింపవలెను. అది నడచుచునే యుండవచ్చును. దానినే నమ్ముకొని పంట వేయుట మాత్రము వివేకము కాదు.

నాల్గవది 'డేటా యూనిట్స్ రిటెన్', ఇంతవరకు వ్రాసిన మొత్తము. ఒక్కొక్క యూనిట్టు 5,12,000 బైట్లు. అంకె రెండు కోట్లున్నచో 10.24 టెరాబైట్లు వ్రాయబడినదని లెక్క. ఈ లెక్క భయమును పోగొట్టుటకును ఉపయోగించును. 500 గీగాబైట్ల డ్రైవొకటి 300 టెరాబైట్ల వ్రాతకు హామీ గలదనుకొందము. దినమునకు 20 గీగాబైట్లు వ్రాసినను అది 15,000 దినములు, అనగా 41 సంవత్సరములు పట్టును. కనుక ఇంటివాడుకలో ఎస్.ఎస్.డి. వ్రాతవలన అరిగిపోవుట అరుదు. దినమునకు వందల గీగాబైట్ల వీడియోలు కూర్చు స్టూడియోవారి సంగతి, రాత్రింబవళ్లు కెమెరా దృశ్యములను నింపు యంత్రముల సంగతి వేరు.

ఐదవది 'మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్'. డ్రైవు సవరింపలేకపోయిన తప్పుల సంఖ్య యిది. ఇది సున్న యుండుట మేలు. ఒకటియో రెండో వచ్చి నిలిచిపోయినచో వెంటనే నకలు తీసి కనిపెట్టియుండవలెను. నెలనెలకు పెరుగుచున్నచో డ్రైవును మార్చవలెను. ఆరవది 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్'. చెప్పకుండ కరెంటు పోయిన సందర్భముల సంఖ్య యిది. డ్రైవు వ్రాయుచుండగ కరెంటు పోయినచో ఆ వ్రాతయే గాక, ఏది ఎచ్చట నున్నదో తెలుపు పట్టికయు దెబ్బతినవచ్చును. పెద్ద సర్వరులలోని డ్రైవులలో కొన్నింటికి ఇట్టి సమయమున క్షణకాలము ప్రాణము నిలుపు కెపాసిటరులు ఉండును. ఇంటి డ్రైవులకు ఆ భాగ్యము తక్కువ. ఈదురుగాలి వీచినపుడెల్ల కరెంటు పోవు ఊళ్లలో ఈ సంఖ్య త్వరగ పెరుగును. యు.పి.ఎస్. కొనుట మంచిదా యను ప్రశ్నకు ఈ అంకెయే జవాబు చెప్పును. ఏడవది ఉష్ణోగ్రత, దాని సంగతి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది.

పాత తరగతియైన సాటా డ్రైవులు ఈ సంగతులనే మరియొక పట్టికలో చెప్పును. అందు ప్రతి గుణమునకు ఒక సంఖ్య గలదు. 5వ వరుస మార్చబడిన బ్లాకులను, 9వ వరుస పనిచేసిన గంటలను, 187వ వరుస సవరింపలేని తప్పులను సాధారణముగ చూపును. ఇందు కొన్ని వరుసల అర్థము కంపెనీని బట్టి మారును. తయారీదారు వివరణను చూచుట మంచిది. 199వ వరుసను మాత్రము అందరును గుర్తుంచుకొనదగును. అది తీగలో దొర్లిన తప్పుల లెక్క. మిగిలిన వరుసలు బాగుండి ఇదొక్కటే పెరుగుచున్నచో దోషము తరచు డ్రైవుది కాదు, దానిని కలుపు కేబులుది. చిన్న కేబులు మార్చి పోవలసినచోట వేలు పోసి కొత్త డ్రైవు కొనువారు కొందరు కలరు. పెన్‌డ్రైవులును, మెమరీ కార్డులును చాలవరకు ఈ ప్రశ్నలకు జవాబే ఈయవు. వానిని శాశ్వత భాండాగారములుగ నమ్మకుండుటకు అదియు ఒక కారణము.

ఇక వేడి సంగతి. ఆదిలాబాదు జిల్లాలో చలికాలపు చలి యెంత ప్రసిద్ధమో వేసవి యెండయు అంతే. వైశాఖ జ్యేష్ఠములలో బయటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు పోవుచుండును. రేకుల కప్పు క్రింద, గాలి యాడని మూలన, దుమ్ము పట్టిన పెట్టెలో ఉన్న డ్రైవు గతి ఊహించుకొనవచ్చును. ఇంటి డ్రైవులు చాలవరకు 70 డిగ్రీల వరకు పనిచేయునట్లు నిర్మింపబడినవి. హద్దునకు చేరువైనపుడు డ్రైవు తన వేగమును తానే తగ్గించుకొనును. మధ్యాహ్నము మందగించి సాయంత్రము చురుకగు కంప్యూటరునకు వ్యాధి తరచు ఇదియే. మధ్యాహ్న సమయమున ఆజ్ఞ కొట్టి ఉష్ణోగ్రత చూచినచో సంగతి తేలిపోవును. అట్టిచో దుమ్ము దులిపి, గాలి వచ్చుచోట పెట్టుటయే చికిత్స.

వేడికి మరియొక ప్రభావము గలదు. గదులలో బంధించిన ఎలక్ట్రానులు కాలక్రమమున మెల్లమెల్లగ జారిపోవును; వేడి హెచ్చినకొలది ఆ జారుడు వేగిరపడును. జెడెక్ అను ప్రమాణ సంస్థ నియమము ప్రకారము, ఆయువంతయు ఖర్చయిన ఇంటి తరగతి డ్రైవు కరెంటు లేకుండ 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరము దస్త్రములను నిలుపుకొనవలెను. సర్వరు తరగతి డ్రైవునకు ఆ గడువు 40 డిగ్రీల వద్ద మూడు నెలలు మాత్రమే. కొత్త డ్రైవులు అంతకన్న చాల ఎక్కువకాలము నిలుపుకొనును గనుక బెంగ పడనక్కరలేదు. కాని బాగుగ అరిగిన డ్రైవులో పెండ్లి వీడియోలు నింపి, బీరువాలో పెట్టి, ఏండ్లతరబడి మరచిపోవుట తగదు. వేసవి సెలవులకు మూతపడు బడి కంప్యూటరులను కూడ నడుమనొకసారి వెలిగించి చూచుట మంచిది.

ఆరోగ్యము బాగుండియు వేగము తగ్గిన డ్రైవులును కలవు. లినక్సులో సిస్‌స్టాట్ అను మూట స్థాపించినచో ఐయోస్టాట్ అను ఆజ్ఞ లభించును. దాని తరువాత అడ్డగీత, చిన్న ఎక్స్ అక్షరము, ఎడమిచ్చి 5 అని కొట్టినచో ప్రతి 5 సెకనులకును డ్రైవు పని లెక్క తెరపై వచ్చును. అందు 'అవైట్' అని ముగియు గడులు ఒక్కొక్క కోరిక ఎన్ని మిల్లీసెకనులు వేచియున్నదో చెప్పును. మంచి ఎస్.ఎస్.డి.లో సామాన్యముగ ఇది ఒకటి రెండు మిల్లీసెకనులు దాటదు. పనిభారము తక్కువగ నున్నపుడును పదులు, వందలు కనిపించుచున్నచో ఏదో అడ్డు గలదని తెలియవలెను.

ఆ అడ్డులలో సామాన్యమైనది డ్రైవు నిండిపోవుట. ఖాళీ బ్లాకులు లేనిచో కంట్రోలరు ఒక్క పేజీ వ్రాయుటకు అనేక పేజీలను జరుపవలసివచ్చును. నిండిన ధాన్యపు కొట్టులో మూటలు మార్చువాని కష్టమే దానిది. కనుక పదింట ఒకటి రెండు వంతుల చోటు ఖాళీగ నుంచవలెను. రెండవది ట్రిమ్ అను ఏర్పాటు పనిచేయకుండుట. మనము చెరిపిన దస్త్రముల చోటు ఖాళీయైనదని డ్రైవునకు తెలుపు వర్తమానమే ట్రిమ్. లినక్సులో ఎఫ్‌స్ట్రిమ్ అను ఆజ్ఞతో దీనిని చేయవచ్చును. అనేక లినక్సులలో వారమునకొకసారి తనంతట జరుగు ఏర్పాటును కలదు. ఇందొక హెచ్చరిక: హార్డు డిస్కులో పొరపాటున చెరిపిన దస్త్రమును తిరిగి తీయుటకు అవకాశముండెడిది, ట్రిమ్ జరిగిన ఎస్.ఎస్.డి.లో ఆ ఆశ దాదాపు లేదు. మూడవది, చవుక డ్రైవులు మొదటి కొన్ని గీగాబైట్లను వేగముగ వ్రాసి, ఆపైన నెమ్మదించుట. పెద్ద వీడియో నకలు తీయునపుడు వేగము హఠాత్తుగ పడిపోవుట రోగము కాదు. ఆ డ్రైవు నిర్మాణమే అట్టిది.

వేగము కొలుచుటకు ఆజ్ఞలు అనేకము గలవు. వానిలో చదివి కొలుచునవి నిరపాయములు; వ్రాసి కొలుచునవి గుర్తెరిగి వాడవలసినవి. డి.డి., ఎఫ్.ఐ.ఓ. వంటి సాధనములకు డ్రైవు చిరునామానే గమ్యముగ నిచ్చి వ్రాయించినచో ఉన్నదంతయు తుడిచిపెట్టుకొనిపోవును. అర్థము తెలియని వరుసను ఎవరు చెప్పినను కొట్టరాదు. నల్లని తెర మరల అడుగదు, బ్రతిమాలదు, చెప్పినది చేయును.

ఇంతవరకు చెప్పినది వినినవారు 'అంకెలన్నియు బాగున్నచో ఇక నిశ్చింతయే గదా' అని యనుకొనవచ్చును. అచ్చటనే పొరపడరాదు. గూగుల్ సంస్థవారు లక్షకు పైబడిన హార్డు డిస్కులను పరిశీలించి 2007 లో ఒక నివేదిక ప్రకటించిరి. చెడిన డిస్కులలో 36 శాతమునకు పైగా, ఉష్ణోగ్రతను మినహాయించినచో, ఏ స్మార్ట్ సూచనయు చూపకయే చెడినవి. ఎస్.ఎస్.డి.ల విషయమున బియాంకా ష్రోడర్, రాఘవ్ లగిశెట్టి, ఆరిఫ్ మర్చంట్ అను ముగ్గురు 2016 లో ప్రకటించిన పరిశోధన గూగుల్ యంత్రములలోని ఆరేండ్ల అనుభవముపై ఆధారపడినది. మార్పవలసివచ్చిన ఫ్లాష్ డ్రైవులు హార్డు డిస్కులకన్న తక్కువయని వారు తేల్చిరి. కాని మొదటి నాలుగేండ్లలోనే, డ్రైవు రకమును బట్టి, 20 నుండి 63 శాతము డ్రైవులలో సవరింపలేని తప్పు ఒకటియైనను కనిపించినది. అనగా ఎస్.ఎస్.డి. చచ్చుట అరుదు, అక్కడక్కడ మరచుట అరుదు కాదు.

ఆరోగ్యముగనున్న డ్రైవు గంట కొట్టినట్లు ఆగిపోవుటయు కలదు. 2019 నవంబరులో హెచ్.పి.ఇ. సంస్థ తన సర్వరు డ్రైవులలో కొన్నింటిని గూర్చి ప్రకటన చేసినది. లోపలి ఆజ్ఞావళిలోని లోపమువలన అవి సరిగ 32,768 గంటలు, అనగా 3 సంవత్సరముల 270 దినముల 8 గంటలు నడచినంతనే పనిచేయుట మానును. అరుగుదల లేదు, వేడి లేదు, తప్పుల లెక్క లేదు. గంటల లెక్క నిండుటయే మృత్యువు. సవరించిన ఆజ్ఞావళిని ముందుగ ఎక్కించినవారు బ్రతికి బయటపడిరి. ఒకే దినమున ఒకే రకము డ్రైవులు రెండు కొని ఒకదాని నకలు మరొకదానిలో నుంచినవారికి ఇట్టి సందర్భమున రెండును ఒకేసారి పోవచ్చునని గ్రహింపవలెను.

కాబట్టి పద్దు చదువుటయు, నకలు తీయుటయు రెండెడ్లవలె కలిసి నడువవలెను. పద్దు మనకు ముందుమాట చెప్పవచ్చును, చెప్పకపోవచ్చును. నకలు ఎప్పుడును మాట తప్పదు. ఇదే జిల్లాలో నార్నూరు మండలపు గుంజాలయందు గోండి లిపిలోని చేతివ్రాత ప్రతులు లభించిన సంగతి అనేకులెరిగినదే. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారి కృషివలన అవి వెలుగులోనికి వచ్చినవి. 2018 జూన్ నెలలో ఆ లిపి యూనికోడ్ 11వ కూర్పున చేరి కంప్యూటరునెక్కినది. కాగితము పసుపెక్కును, అంచులు చినుగును, సిరా వెలియును; చూచినవానికి 'నన్ను మరల వ్రాయుము' అని చెప్పుచునే యుండును. డ్రైవులోని ప్రతి అట్లు చెప్పదు. చివరి దినము వరకు నిగనిగలాడి ఆపైన తలుపు మూసికొనును. చేతివ్రాతకు తరమునకొక నకలు చాలినను, డ్రైవులోనిదానికి అంతకన్న తరచు నకలు కావలెను.

ఇక ఆచరణ. నెలకొక దినము నిర్ణయించుకొని ఆజ్ఞ కొట్టి, చెప్పిన ఏడంకెలను తేదీతో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఒకనాటి అంకెకన్న రెండు నెలల నడుమ తేడా ఎక్కువ చెప్పును. అదే ఆజ్ఞకు అడ్డగీత, చిన్న టి అక్షరము, ఎడమిచ్చి షార్ట్ అను పదము చేర్చినచో డ్రైవు కొద్ది నిమిషములలో తన్ను తాను పరీక్షించుకొనును. బడులలోను, కార్యాలయములలోను ఎప్పుడును వెలుగు యంత్రములున్నచో స్మార్ట్-డి అను కావలివానిని నియమింపవచ్చును. అది సామాన్యముగ అరగంటకొకసారి డ్రైవును పలుకరించి తేడా వచ్చినచో తెలియజేయును.

పాత ల్యాప్‌టాపు కొనువారికి ఈ విద్య మరింత అక్కరకు వచ్చును. వెల చెల్లింపకముందే ఆజ్ఞ కొట్టించి, పనిచేసిన గంటలను, వ్రాసిన మొత్తమును చూడవలెను. దినమునకు 8 గంటల చొప్పున ఏటికి 300 దినములు వాడినచో 2,400 గంటలగును. 12,000 గంటలు చూపినది అయిదేండ్ల సేవ చేసినదన్నమాట. కొన్ని డ్రైవులు నిద్రావస్థలోని గంటలను లెక్కింపవు. లెక్కను చెరిపి అమ్ము మోసగాండ్రును లేకపోలేదు. కావున గంటలు స్వల్పమై, వ్రాసిన మొత్తము పెద్దదైనచో సందేహింపవలెను.

చెడు సూచన కనిపించిన దినమున చేయవలసిన పని వరుసక్రమమున ఇది. కొత్తదేదియు ఆ డ్రైవులో వ్రాయరాదు. మొదట మరల సంపాదింప వీలులేని వానిని, అనగా ఫోటోలను, కాగితములను, లెక్కలను, వేరొక డ్రైవునకు నకలు తీయవలెను. సినిమాలు, పాటలు తరువాత. దీర్ఘపరీక్షలు, మరమ్మతు ఆజ్ఞలు, ఫార్మాటు చేయుట నకలు ముగిసినదాక తలపెట్టరాదు. నకలును తెరిచి చూచి నిజముగ వచ్చినదని నిశ్చయించుకొన్న పిమ్మటనే పాత డ్రైవును తీసివేయవలెను. ఏ సూచనయు లేని దినములలో సైతము ముఖ్యమైన దస్త్రములు రెండు వేరు డ్రైవులలోను, అందొకటి వేరు ఇంటిలోను ఉండుట క్షేమము.

ఈ పనులన్నిటికి నెలకు అరగంట చాలును. పదవ తరగతి చదువు పిల్లవాడు ఒక్క సాయంత్రమున దీనిని నేర్చి ఇంటిల్లిపాదికిని, ఇరుగుపొరుగువారికిని చేసిపెట్టగలడు. ఈ నెలలోనే మొదటి పద్దు వ్రాసికొనుడని శ్రోతలను కోరుచున్నాము.